చెరువు కట్ట క్షేమం - నడకకు వెళ్ళే మన బాధ్యత

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు డి.ఎ. బకాయిల గురించీ, ఆరోగ్య కార్డుల గురించీ అన్ని వివరాలూ చెప్పారు. నేను చెరువు కట్ట గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు ముందు నవ్వారు. "పెన్షనర్లకూ కట్టకూ ఏం సంబంధమండీ?" అన్నారు. సంబంధం ఉంది. మనలో చాలామందికి పొద్దుటి నడక చెరువు కట్ట మీదే. డాక్టరు నడవమన్నాడు, కట్ట మీద పలకలు పరిచారు, బెంచీలు వేశారు, గాలి బాగుంటుంది. ఇంకొక సంబంధం కూడా ఉంది. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బులు పెట్టి మనం కొనుక్కున్న ఇళ్ళు కొన్ని ఆ కట్టల కిందనే ఉన్నాయి. పిల్లలు, మనవలు అక్కడే పడుకుంటున్నారు.

ముప్పైమూడేళ్ళు నీటిపారుదల శాఖలో చిన్న చెరువుల మీద పనిచేసినవాణ్ణి. ఆ అనుభవంతో ఈరోజు ఒక్క విషయం మనవి చేస్తాను. మట్టి కట్ట తెగేముందు చాలాసార్లు మనిషికి నోటీసు ఇస్తుంది. ఆ నోటీసు చదివే మనిషి ఇప్పుడు కట్ట మీద లేడు. ఆ ఖాళీ పోస్టులో మనం చేరవచ్చు. జీతం లేదు, ఇంక్రిమెంటు లేదు. పని మాత్రం ముఖ్యమైనది.

మొదట కట్ట సంగతి చెబుతాను. చూడటానికి గోడలాగా కనిపించినా అది గోడ కాదు. తన బరువుతో నీటిని ఆపే మట్టి కుప్ప. లోపలివైపు అలలు కోయకుండా రాతి కట్టడం ఉంటుంది. నీరు వదలడానికి కింద తూము ఉంటుంది. వరద ఎక్కువైతే వెళ్ళిపోవడానికి ఒక పక్కన అలుగు ఉంటుంది, మన తెలంగాణలో మత్తడి అంటాం. మత్తడి కట్ట నెత్తి కంటే కొన్ని అడుగులు కిందికి ఉంటుంది. ఆ కొన్ని అడుగుల ఖాళీయే కట్టకు ప్రాణం. మత్తడి దుంకినంతవరకు కట్టకు భయం లేదు. మత్తడి చాలక నీరు కట్ట నెత్తి మీదికి ఎక్కిందా, వెనుకవైపు మట్టిని కోసుకుంటూ కిందికి పోతుంది. మొదట చిన్న కాలువ, చూస్తుండగానే గండి.

మన పాతబస్తీ పక్కనే ఉన్న మీర్ ఆలం చెరువు కట్టను చాలామంది చూసి ఉంటారు. 1804లో మొదలుపెట్టి కట్టిన కట్టడం అది. ఇరవయ్యొక్క కమానులు వరుసగా నిలబడి నీటిని ఆపుతున్నాయి. ప్రపంచంలో ఇటువంటి బహుకమానుల ఆనకట్టల్లో తొలినాటిదని ఇంజనీర్లు దాన్ని గౌరవిస్తారు. అది రాయి, సున్నం పని. పైనుంచి నీరు దూకినా మట్టిలాగా కరిగిపోదు. దాన్ని చూసి మన చెరువు కట్టలన్నీ అంత గట్టివేననుకోవడం పొరపాటు. నగరం చుట్టూ ఉన్న చెరువుల్లో ఎక్కువ భాగం మట్టి కట్టలే.

మట్టి కట్ట చావుకు ప్రధానంగా మూడు దారులున్నాయి. నీరు పైనుంచి పొర్లడం ఒకటి. కట్ట లోపలినుంచి దారి చేసుకుని మట్టిని కొంచెం కొంచెంగా మోసుకుపోవడం రెండోది. నాని బరువెక్కిన కట్ట పక్క జారిపోవడం మూడోది.

పెద్దలకు 1908 సంగతి తెలుసు. సెప్టెంబరు 28న మూసీ పొంగి ఈ నగరాన్ని ముంచింది. చనిపోయినవారు పదిహేను వేలమంది ఉంటారని సాధారణంగా చెబుతారు. అఫ్జల్‌గంజ్ దవాఖానా ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభైమంది దాకా బతికారని ఇప్పటికీ చెప్పుకుంటాం. చెట్టు కథ అందరికీ గుర్తుంది, చెరువుల కథ మరిచిపోయాం. తర్వాతి ఏడు నిజాం ప్రభుత్వం పిలిపిస్తే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి విచారణ చేశారు. మూసీ పరీవాహకంలో 788 చెరువులున్నాయనీ, వాటిలో 221 తెగిపోయాయనీ ఆయన లెక్క తేల్చారు. మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి నీరు కింది చెరువులోకి వస్తుంది. పైది తెగితే దాని నీరంతా ఒక్కసారిగా కిందిదాని మీద పడుతుంది. కింది కట్ట ఎంత బాగున్నా ఆ దెబ్బకు ఆగడం కష్టం. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ వరద నేర్పిన పాఠంతో వచ్చినవే.

అది నిజాంనాటి మాట అనుకోవద్దు. 2020 అక్టోబరు 13 రాత్రి నగరంలో దాదాపు 19 సెంటీమీటర్ల వాన పడింది. పల్లె చెరువు పొంగి అలీనగర్, అల్ జుబేల్ కాలనీల మీద పడింది. అలీనగర్‌లో ఒకే కుటుంబానికి చెందిన పలువురు కొట్టుకుపోయారు. నాలుగు రోజుల తర్వాత, 17వ తేదీ రాత్రి మళ్ళీ గట్టి వాన. బాలాపూర్ దగ్గరి గుర్రం చెరువు కట్టకు గండి పడింది. హాఫిజ్‌బాబానగర్ వీధుల్లో నీరు నదిలాగా పారింది. ఇవేవీ పెద్ద ప్రాజెక్టులు కావు. సాయంత్రం పూట పిల్లల్ని తీసుకుని గాలికి వెళ్ళే చెరువులు.

చిన్న చెరువుకు అంత శక్తి ఎక్కడిదని అడగవచ్చు. లెక్క వేద్దాం. నూరెకరాల చెరువు, సగటున ఆరడుగుల లోతు అనుకోండి. అందులో 74 కోట్ల లీటర్ల నీరుంటుంది. మన వీధిలోకి వచ్చే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లతో కొలిస్తే దాదాపు లక్షన్నర ట్యాంకర్లు. అవన్నీ ఒక గంటలో మన వీధి చివర గుమ్మరిస్తే ఏమవుతుందో ఊహించండి.

ఇప్పుడు విహారం సంగతి. సాగుకు వాడే చెరువు విహారానికి మారినప్పుడు కట్టకు కొత్త ప్రమాదాలు వస్తాయి. దీనికి ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ అమెరికాలో ఉంది. పెన్సిల్వేనియా రాష్ట్రంలో సౌత్ ఫోర్క్ అనే మట్టి ఆనకట్ట. మొదట కాలువ కోసం కట్టారు. తర్వాత చేతులు మారి, పిట్స్‌బర్గ్ ధనవంతుల చేపల వేట, విహారాల క్లబ్బు చేతికి వచ్చింది. అంతకుముందున్న యజమాని అడుగునున్న ఇనుప గొట్టాలు పీకి అమ్ముకున్నాడు. అంటే తూము పోయింది. క్లబ్బువారు వాటిని తిరిగి వేయలేదు. పైగా గుర్రపు బండ్లు కట్ట మీద ఎదురూబొదురూ పోవడానికి వీలుగా కట్ట నెత్తిని కొంత తగ్గించారు. చేపలు పోకుండా మత్తడికి జాలీలు బిగించారు. 1889 మే 31న పెద్ద వాన వచ్చింది. జాలీలకు చెత్త అడ్డం పడింది, నీరు కట్ట మీదనుంచి పొర్లింది. కింద పద్నాలుగు మైళ్ళ దూరంలోని జాన్స్‌టౌన్ పట్టణంలో 2,209 మంది చనిపోయారు.

ఆ దేశంలోనే జార్జియా రాష్ట్రంలో కెల్లీ బార్న్స్ అని ఇంకొక చిన్న మట్టి కట్ట. 1957లో కరెంటు ఉత్పత్తి ఆపేశాక ఆ చెరువు విహారానికే మిగిలింది. కట్ట మీద చెట్లు మొలిచాయి. 1977 నవంబరు 6న తెల్లవారుజామున తెగింది. కిందనే ఉన్న కళాశాల ఆవరణలో నిద్రలో ఉన్నవాళ్ళతో సహా 39 మంది పోయారు.

మన రాష్ట్రాల మాట కూడా చెప్పాలి. 2021 నవంబరు 19న కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టి కట్ట కొట్టుకుపోయింది. పైనున్న పింఛా ప్రాజెక్టు ముందు తెగింది. అన్నమయ్యలో ఒక గేటు అప్పటికే పనిచేయడం లేదు. నదికీ చెరువుకూ పోలిక లేదు, కానీ పాఠం ఒక్కటే. నీరు బయటికి పోయే దారి బాగాలేని కట్ట ఎంత లావుగా ఉన్నా నమ్మరానిది.

ఇప్పుడు మన కట్టల మీదికి రండి. బోటింగుకు నీరు నిండుగా ఉండాలని మత్తడి మీద వరుస ఇటుకలు లేపితే, కట్టకున్న ఖాళీ అంతమేరకు తగ్గిపోతుంది. చెత్త ఆగడానికి మత్తడికి జాలీ పెట్టి దాన్ని శుభ్రం చేయకపోతే అది జాన్స్‌టౌన్ జాలీయే. దీపాల కేబుళ్ళ కోసం కట్టను తవ్వి మట్టి వదులుగా పూడిస్తే నీటికి దారి చేసి ఇచ్చినట్టే. కట్ట నెత్తి మీద పలకలు పరిస్తే అందంగా ఉంటుంది, కానీ కింద మట్టి దిగినా, పగిలినా కొంతకాలం కనబడదు. నీడకోసం రావి, మర్రి పెంచితే వేళ్ళు కట్టలోకి దిగుతాయి. చెట్టు చచ్చాక వేరు కుళ్ళి గొట్టమై మిగులుతుంది. అలాగని ఉన్న మహావృక్షాన్ని రేపే కొట్టించమని నేననను. కొట్టినా వేరు లోపల కుళ్ళుతుంది. అది తెలిసిన ఇంజనీరు చూసి, వేరు తీసి, మట్టి కొట్టించి చేయవలసిన పని.

అన్నిటికంటే పెద్ద మార్పు ఇంకొకటి. సాగు చెరువు వేసవికి ఎండిపోయేది. తొలకరి వరద వస్తే ఖాళీ చెరువు దాన్ని మింగేది. ఇప్పుడు నగరంలో చాలా చెరువులు మురుగునీటితో పన్నెండు నెలలూ నిండే ఉంటాయి. పైన ఒకప్పుడు పొలాలుండేవి, ఇప్పుడు సిమెంటు. పడిన వాన ఇంకకుండా గంటలో చెరువుకు చేరుతుంది. నిండిన కడుపుకు మళ్ళీ విందు పెట్టినట్టుంది పరిస్థితి. తాతలనాటి మత్తడి తాతలనాటి వరదకు సరిపోయింది, ఇప్పటి వరదకు సరిపోతుందా లేదా లెక్కకట్టి చూడాలి.

ఇవన్నీ ఎవరు చూడాలి? పూర్వం నీరటి చూసేవాడు. నా ఉద్యోగం తొలి రోజుల్లో ఒక చిన్న ఊరి చెరువు మీద జరిగింది చెబుతాను. వానాకాలం, రాత్రి పదకొండు గంటలు. కట్ట వెనుక ఊట పెరిగిందని కబురు వస్తే మేము లాంతర్లు పట్టుకుని పరుగెత్తాం. నేను నోటుపుస్తకం తీసి ఎంత నీరు వస్తున్నదో రాసుకుంటున్నాను. ముసలి నీరటి నన్ను ఆపి, "సారూ, ఎంతొస్తున్నదన్నది తర్వాత. నీళ్ళు తెల్లగున్నయా, ఎర్రగున్నయా? ముందు అది చూడున్రి" అన్నాడు. దోసిట్లో పట్టి లాంతరు వెలుగులో చూస్తే ఎర్రగానే ఉన్నాయి. ఎర్రగా ఉన్నాయంటే కట్టలోని మట్టి బయటికి వస్తున్నదన్నమాట. కూలీలలో ఒకరు బంకమట్టితో ఆ బుంగను మూసేద్దామన్నారు. నీరటి ఒప్పుకోలేదు. వెనుకనుంచి బిరడా కొడితే నీరు లోపల బిగిసి ఇంకొకచోట పగులుతుంది. ముందు ఇసుక పోయించాడు, దానిమీద కంకర, దానిమీద రాళ్ళు. నీరు పోవాలి, మట్టి పోకూడదు. తూము ఎత్తి చెరువును నెమ్మదిగా దించాం. తెల్లవారేసరికి ఊట తేటపడింది. ఇంజనీరింగు పుస్తకాల్లో ఉన్నదీ ఇదే. ఆయన పుస్తకం చదవలేదు, కట్టను చదివాడు.

పట్నం పెరిగింది. ఆయకట్టు ఇళ్ళస్థలాలైంది. ఆయకట్టు లేని చెరువుకు నీరటి ఎందుకని ఆయన పనీ పోయింది. తలాబ్‌కట్ట అనే మన పాతబస్తీ పేటను చూడండి. తలాబ్ అంటే ఉర్దూలో చెరువు, కట్ట మన తెలుగు మాట. రెండు భాషలూ కలిసి ఒక చెరువును గుర్తుపెట్టుకున్నాయి. పేరు మిగిలింది.

కట్టమైసమ్మ సంగతి కూడా ఆలోచించండి. మన పెద్దలు కట్ట మీద అమ్మవారిని నిలిపారు. చెరువు నిండితే బోనం ఎత్తుకుని ఊరంతా కట్ట మీదికి వెళ్ళేవారు. భక్తి సంగతి అలా ఉంచి నా ఉద్యోగపు కళ్ళతో చూస్తే, ప్రమాదం ఎక్కువగా ఉండే రోజుల్లో ఊరిజనం అంతా కట్ట పొడవునా నడిచేవారన్నమాట. అంతమంది కళ్ళకు పడని పగులు ఉంటుందా?

చట్టం లేదా అంటారు. ఉంది. 2021లో పార్లమెంటు ఆనకట్టల భద్రతా చట్టం చేసింది. మంచి చట్టమే. అయితే అది పదిహేను మీటర్లకు మించిన ఎత్తున్నవాటికీ, పది నుంచి పదిహేను మీటర్ల మధ్య ఉండి పొడవు, నిల్వ వంటి కొన్ని లక్షణాలున్నవాటికీ వర్తిస్తుంది. మన చుట్టుపక్కల చెరువు కట్టల్లో చాలావరకు అంత ఎత్తు లేవు. ఇక నగరంలో నీటిపారుదల శాఖ, నగరపాలక సంస్థ, 2024లో వచ్చిన హైడ్రా, ఇలా పలు కార్యాలయాలకు చెరువులతో సంబంధం ఉంది. పది చేతుల మీది బిడ్డ పరిస్థితి మనకు తెలియనిది కాదు. ఫైలు ఒక బల్ల మీదనుంచి ఇంకొక బల్ల మీదికి నడిచే వేగం మనకంటే బాగా ఎవరికి తెలుసు?

కాబట్టి నడకకు వెళ్ళే మిత్రులు గమనించవలసినవి ఆరు చెబుతున్నాను. రాసుకోండి.

ఒకటి. మత్తడి. మే నెలలోనే వెళ్ళి చూడండి. దానిముందు చెత్త, పూడిక, ఇటుక వరుస, కొత్త గోడ ఉన్నాయా? మత్తడి దాటిన తర్వాత కాలువ ఉందా, ఎవరైనా ఇల్లు కట్టారా? పైనుంచి పొర్లే కట్ట ఇచ్చే వ్యవధి బహుతక్కువ. దాని నోటీసు వానకు ముందే మత్తడి దగ్గర అంటించి ఉంటుంది.

రెండు. కట్ట వెనుక పాదం. కొంత చెమ్మ ఎప్పుడూ ఉండేదే, దానికి భయపడవద్దు. నిన్న లేని తడి ఈరోజు ఉందా, ఊట పెరిగిందా, ఒకచోట గడ్డి మరీ పచ్చగా ఉందా చూడండి. ఊట నీటిని గాజు సీసాలో పట్టి గంటసేపు కదపకుండా ఉంచండి. అడుగున మట్టి పేరుకుంటే అదే నీరటి చెప్పిన ఎర్రనీరు.

మూడు. కట్ట నెత్తి. ఒక చివర నిలబడి రెయిలింగు వెంట చూపు సారించండి. మధ్యలో ఎక్కడైనా గీత దిగినట్టు కనబడితే కట్ట అక్కడ కుంగుతున్నది. నీరు పొర్లితే అక్కడే మొదలుపెడుతుంది.

నాలుగు. పగుళ్ళు. కట్ట పొడవునా ఉన్న పగులు పక్క జారడానికి గుర్తు కావచ్చు. అడ్డంగా, నీటినుంచి వెనుకకు ఉన్న పగులు నీటికి దారి. రెండూ చెప్పవలసినవే.

అయిదు. బొరియలు. పందికొక్కులు, ఎండ్రకాయలు, చెదపుట్టలు. 2019లో మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలో తివరె ఆనకట్ట తెగి దాదాపు ఇరవైమంది పోతే, అక్కడి మంత్రి ఒకరు నేరం ఎండ్రకాయల మీదికి నెట్టారు. జనం నవ్వారు. ఎండ్రకాయ బొరియ చేస్తుంది, నిజమే. దాన్ని పూడ్చవలసింది మాత్రం ఎండ్రకాయ కాదు కదా. కారుతున్నదని ఊరివాళ్ళు ముందే చెప్పినట్టు పత్రికల్లో వచ్చింది.

ఆరు. తూము. తూము దగ్గర నీటిపైన సుడి తిరుగుతున్నదా, మూసినా వెనుక నీరు వస్తున్నదా?

చూసినదాన్ని ఏం చేయాలి? నోటిమాట నిలవదు. తేదీ, కట్ట మీద స్థలం, చూసినదేమిటో నాలుగు వాక్యాలు రాయండి. మనవడి చేత సెల్‌ఫోనులో ఫోటో తీయించండి, పక్కన చేతికర్ర పెడితే కొలత తెలుస్తుంది. రెండు ప్రతులు రాసి ఒకటి కార్యాలయంలో ఇచ్చి, రెండోదాని మీద ముద్ర వేయించుకోండి. ఈ పని మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. నలభై ఏళ్ళు అవతలివైపు కూర్చుని ముద్రలు వేసినవాళ్ళం.

ఎర్రనీరు వస్తున్నా, నీరు కట్ట నెత్తిని అందుకుంటున్నా ఉత్తరం రాస్తూ కూర్చోవద్దు. మొదట కట్ట కిందివాళ్ళకు చెప్పండి. తర్వాత కార్యాలయానికి ఫోను చేయండి. మసీదు మైకు ఉంది, గుడి మైకు ఉంది, అర్ధరాత్రయినా అడగడానికి సంకోచం వద్దు. మంచం మీదున్న వృద్ధులు ఏ ఇంట్లో ఉన్నారో ముందే తెలిసి ఉండాలి. మీరు మాత్రం వానలో కట్ట ఏటవాలు దిగవద్దు. ఈ వయసులో తుంటి ఎముక విరిగితే కట్ట కంటే ముందు మనం పోతాం.

చివరగా సంఘానికి ఒక ప్రతిపాదన. మన సభ్యులు నడిచే ఒక్కో కట్టకు ఒక్కో రిజిస్టరు పెడదాం. వారానికి ఇద్దరు చొప్పున వంతులు. వానాకాలంలో రోజూ, మిగతా రోజుల్లో వారానికొకసారి ఆరు అంశాల మీద ఒక వరుస రాస్తే చాలు. "మార్పు లేదు" అన్నా రాయాలి. ఏడాదిపాటు మార్పు లేదని రాసిన పుస్తకంలో ఒకరోజు "ఊట పెరిగింది" అన్న మాట కనిపిస్తే ఏ ఇంజనీరూ దాన్ని తేలికగా తీసుకోలేడు. మట్టి కట్టలు సరిగ్గా చూసుకుంటే శతాబ్దాలు నిలుస్తాయి. 1562 నాటి హుస్సేన్‌సాగర్ కట్ట మన కళ్ళముందే ఉంది. దానిమీద నగరం మొత్తం నడుస్తున్నది. అన్ని ఏళ్ళలో ఎందరో దాన్ని కనిపెట్టి ఉండి, బాగుచేయించబట్టే నిలిచింది.

రిజిస్టరు ఖర్చు నేను పెట్టుకుంటాను. పేర్లు ఇచ్చేవారు సమావేశం అయ్యాక భోజనాలకు ముందే ఇవ్వండి, తర్వాత నిద్ర వస్తుంది.